రాజకీయాలు పడవంటే కుదరదు: మేనేజర్ల సందేహాలు, సమాధానాలు

ఆఫీసు రాజకీయాల గురించి మేనేజర్లు అడిగిన ఆరు ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఉద్యోగిగా ఈ రాజకీయాల్ని తట్టుకోవడం ఒక ఎత్తు, మేనేజరు కుర్చీలో కూర్చుని వాటిని దారిలో పెట్టడం ఇంకో ఎత్తు. ఇక్కడి జవాబులన్నీ రెండో రకం వాళ్ల కోసం.

ప్రశ్న: మేనేజరునై ఏడాదైంది. ఏ గుంపులోనూ చేరను, నా పనేదో నేను చేసుకుపోతాను. కొత్త పోస్టులైనా, బడ్జెట్ అయినా పక్క టీములకే వెళ్తున్నాయి. మావాళ్లు నన్ను చేతకానివాడిలా చూస్తున్నారు. నేనూ ఆ బురదలో దిగాల్సిందేనా?

బురద అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. బడ్జెట్ కొంచెం, అడిగేవాళ్లు ఎక్కువ. ఎవరికి ఏ లెక్కన ఇస్తారన్నది ఎక్కడా రాసి ఉండదు. ఈ రెండూ కలిసినచోట నిర్ణయాలు మాటామంతీలోనే తేలతాయి. మీరు దూరంగా ఉన్నంతమాత్రాన నిర్ణయం ఆగదు, మీ టీము అవసరం ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. ఉద్యోగి దూరంగా ఉంటే నష్టం అతనొక్కడిదే. మేనేజరు దూరంగా ఉంటే కింద పనిచేసే అందరిదీ.

ఏది తగినదో, ఏది తగనిదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు. మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషి హఠాత్తుగా గదిలోకి వస్తే, అదే మాట కొనసాగించగలరా? కొనసాగించగలిగితే అది పలుకుబడి. మాట మార్చాల్సి వస్తే కుట్ర. మొదటిది మీ ఉద్యోగంలో భాగం, రెండోదాని జోలికి పోనవసరం లేదు.

ఇక పని. ఒక కాగితం తీసుకుని, వచ్చే మూడు నెలల్లో మీకు కావలసిన ఒకే ఒక్క నిర్ణయం పైన రాయండి. 'మా టీముకు గుర్తింపు రావాలి' అని రాస్తే ఏమీ జరగదు. 'వచ్చే త్రైమాసికం మొదలయ్యేలోపు ఇంకో టెస్టర్ పోస్టు మంజూరు కావాలి' అని రాయండి. దాని కింద నాలుగు రకాల మనుషుల పేర్లు: సంతకం పెట్టేవారు, ఆపగలిగేవారు, సంతకం పెట్టేముందు ఆయన ఎవరి సలహా అడుగుతారో వారు, ఈ నిర్ణయం వల్ల ఏదో ఒకటి కోల్పోయేవారు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది పేర్లు తేలతాయి. ఇరవై వచ్చాయంటే నిర్ణయాన్ని ఇంకా చిన్నదిగా రాసుకోవాలన్నమాట.

ప్రతి పేరు పక్కన మూడు సంగతులు రాయండి. ఈయన పనితీరును పైవాళ్లు దేనితో కొలుస్తారు? ఈ విషయంలో ఆయనకున్న భయమేమిటి? మన టీము ఆయనకు చివరిసారి ఎప్పుడు పనికొచ్చింది? మూడో గడి ఖాళీగా ఉన్న పేర్ల దగ్గరే మీ పోస్టు ఆగిపోతోంది.

పేర్లు రాసేటప్పుడు హోదాలను మాత్రమే చూడకండి. జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రమ్ రావెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లో అధికారానికి ఐదు ఆధారాలున్నాయని వర్గీకరించారు: పదవి, ఇవ్వగలిగే ప్రతిఫలం, వేయగలిగే శిక్ష, నైపుణ్యం, మనిషి మీద ఇతరులకున్న అభిమానం. ఆరోదిగా సమాచారాన్ని రావెన్ 1965లో చేర్చారు. పదవి లేకపోయినా పాత సిస్టమ్ లోపలి సంగతులన్నీ తెలిసిన సీనియర్ ఇంజనీరు, డైరెక్టర్ క్యాలెండర్ చూసే సహాయకురాలు మీ కాగితం మీద లేరంటే ఆ జాబితా తప్పు.

వారానికి రెండు సంభాషణలు, ఒక్కోటి పాతిక నిమిషాలు. అంతకుమించి అక్కర్లేదు. మొదటి మాటలోనే టెస్టర్ పోస్టు ఎత్తకండి. 'ఈ త్రైమాసికంలో మీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది, మా వైపు నుంచి ఏం మారితే తేలికవుతుంది?' అని అడగండి, చేయగలిగింది చేసి చూపండి. అవసరం పడ్డప్పుడే తలుపు తట్టే మనిషిని ఎవరైనా ఇట్టే పసిగడతారు.

ఇంకో జాగ్రత్త: ఆ కాగితం మీద విశేషణాలు రాయకండి. 'అహంకారి' అని రాసుకుంటే అది చాడీల చిట్టా అవుతుంది, ఎవరి కంటైనా పడితే మీ పరువు పోతుంది. 'ఏడాది చివరి డెలివరీ మీద ఈయన రేటింగ్ ఆధారపడి ఉంది' అన్నది సమాచారం.

అన్నట్టు, తప్పుకోవడమే సరైన సందర్భాలూ ఉంటాయి. కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ అనే పరిశోధకులు 1974లో రూపొందించిన ప్రశ్నావళిలో ఘర్షణను ఎదుర్కొనే ఐదు పద్ధతుల్లో అదీ ఒకటి. ఎవరి సీటు కిటికీ పక్కన అన్న గొడవకు తప్పుకోవడమే సరైన పద్ధతి. పోస్టులకూ బడ్జెట్‌కూ అదే వాడితే ఇప్పుడు మీకు జరిగినట్టే జరుగుతుంది.

ప్రశ్న: నా టీములో ఇద్దరు సీనియర్లున్నారు. ఒకరి మీద ఒకరు విడివిడిగా నా దగ్గరికొచ్చి చెబుతారు. మీటింగులో మాత్రం ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు. సర్దిచెప్పి సర్దిచెప్పి విసిగిపోయాను. ఇప్పుడు ఇద్దరూ నేను రెండోవారి పక్షమే అంటున్నారు.

సైకియాట్రిస్ట్ స్టీఫెన్ కార్ప్‌మన్ 1968లో ఇలాంటి గొడవలనే ఒక త్రికోణంగా గీశారు. మూడు మూలల్లో ముగ్గురు: బాధితుడు, పీడించేవాడు, కాపాడేవాడు. ఎవరూ ఒకే మూలలో ఎక్కువకాలం నిలవరు. కాపాడటానికి వెళ్లినవాడు కొన్నాళ్లకు ఇద్దరి కళ్లకూ పీడించేవాడిలా కనపడతాడు. మీకు జరిగింది సరిగ్గా ఇదే. ఇంకా నేర్పుగా సర్దిచెప్పాలని చూస్తే ఇంకా ఇరుక్కుంటారు. ఆ మూల ఖాళీ చేయండి.

ఈసారి ఎవరైనా ఫిర్యాదుతో వస్తే, మీ అభిప్రాయం చెప్పకుండా మూడే అడగండి. 'ఏం జరిగింది? ఎప్పుడు? ఈ మాట ఆయనతో అన్నారా?' అనలేదంటే, ఎలా అనాలో సాయం చేసి, రెండు రోజుల గడువిచ్చి, మూడో రోజు ఏమైందో కనుక్కోండి. కనుక్కోవడం మరిస్తే మిగతాదంతా వృథా. మీరు వదిలించుకున్నారనే అనుకుంటారు.

'ఈ మాట మీ దగ్గరే ఉంచండి' అంటే వినకముందే సరేననకండి. 'విన్నాక ఎవరికైనా చెప్పాల్సి వస్తే ముందు మీకు చెప్పే చేస్తాను' అనండి. మాట ఇచ్చేశాక వినకూడనిది వింటే అటు నియమానికీ ఇటు నమ్మకానికీ మధ్య నలిగిపోతారు.

మాట ఎలా అనాలో నేర్పడానికి మూడు ముక్కల సూత్రముంది: సందర్భం, ప్రవర్తన, ప్రభావం. 'మీరు ఎప్పుడూ నన్ను తొక్కేస్తారు' అంటే అవతలివాళ్లు 'ఎప్పుడూ' అన్న మాట పట్టుకుని గంటసేపు వాదిస్తారు. ఇలా అనమనండి: 'మంగళవారం క్లయింట్ కాల్‌లో నేను డిజైన్ వివరిస్తుంటే రెండుసార్లు మధ్యలో అందుకున్నారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ మీకే వచ్చాయి, నా భాగం గురించి నేను చెప్పే వీల్లేకపోయింది.' ఇందులో కాదనడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఉద్దేశాన్ని అంటగట్టలేదు కాబట్టి ఎదుటివారు కవచం తొడుక్కోరు.

ఇద్దరినీ కూర్చోబెట్టేముందు ఇంకో పని మీరొక్కరే చేయాలి. కొత్త మేనేజర్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. వాళ్ల మధ్య వచ్చిన చివరి ఐదు గొడవలు రాసి, ఒక్కోదాని పక్కన అది ఏ పని మీద వచ్చిందో రాయండి. మూడు ఒకే చోట వచ్చుంటే, ఉదాహరణకు డిజైన్ నుంచి టెస్టింగ్‌కు పని చేతులు మారే దగ్గర, తప్పు మనుషుల్లో కాదు, ఆ చేతులు మారే పద్ధతిలో ఉంది. ఒకరిని వేగంతో కొలిచి, ఇంకొకరిని లోపాల సంఖ్యతో కొలిస్తే తోడబుట్టినవాళ్లయినా కొట్టుకుంటారు. ఎదుటివారి ప్రవర్తనకు పరిస్థితిని వదిలేసి స్వభావాన్నే కారణంగా చూపడం చాలామందికి ఉన్న అలవాటు. దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో మౌలిక ఆపాదన దోషం అన్నారు. మేనేజరుకు ఈ దోషం ఖరీదైనది, ఎందుకంటే మనిషిని మార్చినా గొడవ అక్కడే ఉంటుంది. ఆ పనిమీద తుది నిర్ణయం ఎవరిదో ఒక్క పేరు రాయండి. రెండు పేర్లు రాశారంటే గొడవకు మీరే చోటిచ్చినట్టు.

తర్వాతే ఉమ్మడి సమావేశం. నలభై ఐదు నిమిషాలు, ఉదయం పూట. వారాంతం ముందు సాయంత్రం పెడితే రెండు రోజులు ఇంట్లో మథనపడి మరింత బిగుసుకుని వస్తారు. మొదటి ఐదు నిమిషాలు ఎందుకు కలిశామో చెప్పండి. ఆపై ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, రెండోవారు మధ్యలో మాట్లాడకూడదు. తర్వాత ఐదు నిమిషాలు, విన్నది తిరిగి చెప్పాలి. 'అవును, నేనన్నది అదే' అని మొదటివారు ఒప్పుకునేదాకా ముందుకు పోకండి. పదిహేను నిమిషాలు ఆ ఒక్క పని గురించి మాత్రమే. పాత లెక్కలు తీయబోతే ఆపేయండి. చివరి పది నిమిషాల్లో ఎవరు ఏం మార్చుకుంటారో ముగ్గురి ముందే రాసి, రెండు వారాల తర్వాత పదిహేను నిమిషాల సమీక్షకు తేదీ వేయండి. తీర్పు మాత్రం ఇవ్వకండి.

ఒక్క మినహాయింపు. ఫిర్యాదులో వేధింపు, బెదిరింపు, డబ్బు అవకతవక, ప్రాణభద్రత లాంటివి ఉంటే ఇదంతా వర్తించదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం బాధితులకు మరో దెబ్బ. విన్నది తేదీతో రాసుకుని అదే రోజు హెచ్ఆర్‌కు గానీ ఫిర్యాదుల కమిటీకి గానీ అప్పగించండి. సొంత దర్యాప్తు వద్దు.

ప్రశ్న: పక్క టీము మేనేజర్ మా పనిని తన పనిగా పైవాళ్లకు చూపిస్తున్నాడు. రెండుసార్లు జరిగింది. అందరి ముందూ నిలదీయాలని ఉంది.

నిలదీస్తే ఆ గదిలో గుర్తుండేది మీ కోపమే, మీ పని కాదు. ముందు ఆయనతోనే, ఎవరూ లేనప్పుడు: 'నిన్నటి ప్రెజెంటేషన్‌లో నివేదిక భాగం మావాళ్లు చేసింది. వాళ్ల పేర్లు రాలేదు. వచ్చేసారి స్లైడ్ మీద వేద్దామా?' నిజంగా మరిచిపోయి ఉంటే ఇక్కడితో సరి. కావాలని చేసుంటే, మీరు గమనిస్తున్నారని ఆయనకు తెలిసింది. ఈ మాటను మొదటి మెయిల్‌లోనే బాసుకు కాపీ పెట్టి పంపకండి. అది మాట్లాడటం కిందికి రాదు, యుద్ధం ప్రకటించడమే.

నివారణ మాత్రం మీ చేతిలోనే ఉంది. పని పూర్తయ్యాక చెప్పుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది, జరుగుతున్నప్పుడు చెబితే సమాచారం. ప్రతి వారం ఒకే రోజు, పది వరుసలు మించకుండా ఒక నోట్ పంపండి: ఏం పూర్తయింది, ఎవరు చేశారు, ఎక్కడ ఆగింది, ఎవరి సాయం కావాలి. పక్క టీము సాయపడితే వాళ్ల పేర్లూ వేయండి. న్యాయంగా పంచేవాడి లెక్కను పైవాళ్లు నమ్ముతారు. ముఖ్యమైన ప్రదర్శనల్లో పని చేసినవారినే మాట్లాడనివ్వండి. అలా మాట్లాడిన పనిని ఇంకొకరు తమదనడం కష్టం.

మూడోసారీ జరిగితే బాసు దగ్గరికి వెళ్లొచ్చు, అయితే ఫిర్యాదుగా కాదు. 'ఈ రెండు టీములు కలిసి చేసే పనుల్లో ఎవరు ఏం నివేదించాలో తేల్చండి' అని అడగండి. రెండు తేదీలు, రెండు పత్రాలు చేతిలో ఉంటే చాలు.

ప్రశ్న: విడిగా అడిగితే అందరూ నా ప్రతిపాదన బాగుందంటారు. మీటింగులో మాత్రం ఎవరో ఒకరు అడ్డం తిరుగుతారు, మిగతావాళ్లు మౌనంగా ఉంటారు. ఎక్కడ తప్పుతున్నాను?

విడిగా మీరు అడిగింది 'ఎలా ఉంది?' అని. దానికి మర్యాదగా వచ్చే జవాబు 'బాగుంది' ఒక్కటే. 'దీనివల్ల మీకు పెరిగే పని ఏమిటి? మీటింగులో దీన్ని మీరు సమర్థించలేకపోతే కారణం ఏమవుతుంది?' అని అడిగి చూడండి. అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది.

టొయోటా లాంటి జపాన్ కంపెనీల్లో దీనికి నెమవాషి అనే స్థిరమైన పద్ధతే ఉంది. ప్రతిపాదన మీటింగుకు రాకముందే సంబంధమున్న ప్రతివారి దగ్గరికీ వెళ్లి, అభ్యంతరాలు సేకరించి, కాగితం మార్చుకుంటూ పోతారు. మీటింగు చివరి అడుగు మాత్రమే.

మీరు చేయాల్సిందల్లా వరుస సరిగ్గా పెట్టుకోవడం. అందరికంటే ఎక్కువ నష్టపోయేవారి దగ్గరికి మొదట వెళ్లండి, స్నేహితుల దగ్గరికి చివర. మనం సహజంగా దీనికి తలకిందులుగా చేస్తాం, ఆ నష్టపోయేవారికి సంగతి మూడో మనిషి ద్వారా చేరుతుంది, వాళ్లు మీటింగుకు కత్తులు నూరుకుని వస్తారు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, చేతిలో ఒకే పేజీ చిత్తుప్రతి. అందులో ఒకటి రెండు అంశాలు నిజంగానే తెరిచి ఉంచండి: గడువు, అమలు ఏ టీముతో మొదలుపెట్టాలి అన్నవి. అన్నీ ముందే బిగించేసి అభిప్రాయం అడిగితే జనానికి తెలిసిపోతుంది. ఎవరి మాటవల్ల ఏది మారిందో తర్వాతి ప్రతిలో వారి పేరుతో చెప్పండి.

మనిషికో కథ చెప్పడం ఇందులో జరిగే అతి పెద్ద తప్పు. ఒకరికి 'ఖర్చు తగ్గించడానికి', ఇంకొకరికి 'మీ టీమును పెంచడానికి' అని చెబితే వాళ్లిద్దరూ కలిసిన రోజున మీ పని అయిపోతుంది. నొక్కి చెప్పే అంశం మారొచ్చు గానీ, కాగితం మాత్రం అందరికీ ఒకటే. మీటింగులో మీ బాసుకు కొత్తగా తెలిసే విషయం ఏదీ ఉండకూడదు.

ఒక అభ్యంతరం తీరకపోతే దాచకండి. 'ఆపరేషన్స్‌కు ఈ విషయంలో ఒప్పుదల లేదు, వాళ్ల కారణం ఇదీ' అని మీరే మొదట చెబితే అడ్డం తిరగడానికి ఎవరికీ ఏమీ మిగలదు.

ప్రశ్న: నాకు ఇష్టులున్నారని టీములో గుసగుసలు. నేను అందరినీ సమానంగానే చూస్తున్నాననుకుంటున్నాను.

అనుకోవడం కాదు, లెక్క తీయండి. నాయకులు తమ బృందాన్ని దగ్గరివారు, దూరంవారు అని రెండుగా చేస్తారని డాన్సెరో, గ్రేన్, హాగా అనే పరిశోధకులు 1975లోనే చూపారు. గత మూడు నెలలకు ఒక పట్టిక వేయండి: పైవాళ్ల కంట పడే పని ఎవరికి ఇచ్చారు, ఎవరితో ముఖాముఖి వాయిదా వేశారు, ఎవరి ఆలస్యాన్ని 'పర్లేదులే' అన్నారు, ఎవరితో కలిసి భోజనం చేశారు. రెండు పేర్లే పదేపదే వస్తే గుసగుసలో నిజముంది.

పని బాగా చేసేవాళ్లకు ముఖ్యమైన పని ఇవ్వడంలో తప్పులేదు. కొలబద్ద ఏమిటో ముందుగా చెప్పకపోవడమే తప్పు. అప్పగించేముందే 'ఈ పనికి ఇవి కావాలి, ఆసక్తి ఉన్నవాళ్లు ఫలానా రోజులోపు చెప్పండి' అనండి, ఎంచుకున్నాక మిగతావాళ్లకు ఏం తక్కువైందో విడిగా చెప్పండి. ఇకనుంచి భోజనం కూడా మారుస్తూ చేయండి. చిన్న విషయమే, కానీ టీము చూసేది దాన్నే.

ప్రశ్న: మా బాసుకూ, పక్క విభాగం అధిపతికీ పడదు. మా బాసు అక్కడి సంగతులు నన్ను ఆరా తీయమంటున్నారు. పైగా కంపెనీలో విభాగాలు కలిపేస్తారన్న పుకారు. టీము నన్నడుగుతోంది.

ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయి. మీ మొదటి పని మీ టీమును ఆ దారిలోంచి తప్పించడం.

ఆరా తీయమన్నప్పుడు కాదనకుండా ప్రశ్ననే మార్చండి: 'సర్, మీకు వాళ్ల డెలివరీ తేదీలు కావాలంటే నేను అధికారికంగా అడిగి, జవాబు మీ ఇద్దరికీ పంపిస్తాను.' ఒకటి రెండుసార్లు ఇలా జరిగాక ఆ పని మీకు చెప్పడం మానేస్తారు. రెండు విభాగాల నుంచి పొంతన లేని ఆదేశాలొస్తే మీరు ఎంచుకోకండి. 'రెండూ ఈ వారంలో కావు. మొదటిది చేస్తే రెండోది పది రోజులు వెనక్కి పోతుంది. ఏది ముందో చెప్పండి' అని ఒకే సందేశం ఇద్దరికీ కలిపి పంపండి. విడివిడిగా పంపితే మీరే ఆటగాడైపోతారు. ఒకరి గురించి ఇంకొకరు అన్నమాటకు నవ్వు కూడా కలపకండి, ఆ నవ్వు మీ సమ్మతిగా అవతలికి చేరుతుంది.

పుకారు సంగతికొస్తే, టీముతో మూడు ముక్కలు చెప్పండి: నాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, మళ్లీ ఫలానా రోజున మాట్లాడతాను. తెలిసి కూడా చెప్పకూడనిది ఉంటే 'తెలియదు' అనకండి. 'దాని గురించి ఇప్పుడు మాట్లాడలేను' అనండి. అబద్ధం బయటపడ్డాక మీరు చెప్పే నిజాన్నీ ఎవరూ నమ్మరు. 'ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు' అన్న హామీ మీ చేతిలో లేనిది, ఇవ్వకండి. చెప్పిన రోజు వచ్చేసరికి కొత్త సంగతేమీ లేకపోయినా పది నిమిషాలు కూర్చుని, లేదనే చెప్పి, తర్వాతి తేదీ వేయండి.